పైథాన్‌తో ఇంటి ఎస్ప్రెస్సో యంత్రం: ముందు చదవాలి, తర్వాత ఆపాలి, ఆఖరున మొదలుపెట్టాలి

స్మార్ట్ ఎస్ప్రెస్సో యంత్రాన్ని కంపెనీ యాప్‌తో కాకుండా సొంత పైథాన్ కోడ్‌తో నడపడం ఎలా అని తిరుపతి, చిత్తూరు పాఠకులు తరచుగా అడుగుతున్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "స్టార్ట్ ఆదేశం ఏది?" ఈ మార్గదర్శిలో ఆ ఆదేశం చిట్టచివర వస్తుంది. వంటగదిలో ఉన్నది 1500 వాట్ల దాకా లాగే హీటరు, 93 డిగ్రీల నీటిని 9 బార్ల ఒత్తిడితో తోసే పంపు. అలాంటి యంత్రం ఏ స్థితిలో ఉందో మీ కోడ్‌కు ముందు తెలియాలి. ఆపైన దాన్ని ఆపడం రావాలి. మొదలుపెట్టడం ఈ రెండూ వచ్చాకే.

పైథాన్ కీలకపదాలు ఇంగ్లీషులోనే టైపు చేయాలి కాబట్టి ఇక్కడ కోడ్‌ను యథాతథంగా ఇవ్వడం లేదు. ఏ ఫంక్షన్ ఏ పని చేయాలో, ఏ క్రమంలో చేయాలో చెబుతాను. ఫంక్షన్ల పేర్లు మాత్రం తెలుగులోనే ఉంటాయి. పైథాన్ 3 వాటిని ఒప్పుకుంటుంది. ఒక జాగ్రత్త తీసుకోండి. తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాతి అక్షరాన్ని విడగొట్టడానికి వాడే కనిపించని అక్షరం పేరు మధ్యలో పడితే, ఆ వరుస దగ్గర వ్యాకరణ దోషం వస్తుంది. కంటికి ఏమీ కనబడదు కాబట్టి ఎంత వెతికినా దొరకదు. ఆ అక్షరం అవసరం రాని పేర్లే ఎంచుకోండి.

1. మీ యంత్రం ఏ దారిన మాట్లాడుతుంది?

నాలుగు దారులున్నాయి. మీది ఏదో తేలకుండా లైబ్రరీలు దించుకోవద్దు.

- బ్లూటూత్: డీసెంట్ డీఈ1 ఈ కోవలోది. దాని సందేశాల పద్ధతి బహిరంగంగా దొరుకుతుంది. పైథాన్‌లో బ్లీక్ లైబ్రరీ చాలు.
- ఇంటి వైఫై: మెటిక్యులస్ లాంటి యంత్రాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే హెచ్‌టీటీపీ అభ్యర్థనలకు జవాబిస్తాయి. ఇంటర్నెట్ పోయినా పనిచేస్తాయి.
- క్లౌడ్: బాష్, సీమెన్స్ కాఫీ యంత్రాలు హోమ్ కనెక్ట్ సేవ ద్వారా మాట్లాడతాయి. లా మార్జొక్కో ఇంటి యంత్రాలకు పైలామార్జొక్కో అనే పైథాన్ లైబ్రరీ ఉంది.
- స్మార్ట్ ప్లగ్: మామూలు యంత్రానికి కరెంటు ఇవ్వడం, తీసేయడం మాత్రమే చేయగలం.

కొత్తగా కొనేవారికి నా సలహా మొదటి రెండు దారులే. పొద్దున్నే కాఫీకి ఎక్కడో ఉన్న సర్వరు అనుమతి అవసరం కాకూడదు. క్లౌడ్ దారికి పరిమితులు కూడా ఉంటాయి. హోమ్ కనెక్ట్‌లో ఒక వినియోగదారుడికి రోజుకు 1000 అభ్యర్థనలే. నిమిషానికోసారి స్థితి అడిగే కోడ్ రోజుకు 1440 సార్లు అడుగుతుంది, అంటే రోజు పూర్తికాకముందే తలుపు మూసుకుంటుంది. అక్కడ పదేపదే అడగకూడదు. సేవ తానుగా పంపే సంఘటనల ప్రవాహాన్ని తెరిచి ఉంచుకోవాలి.

ఈ మార్గదర్శిలో అంకెలతో చెప్పే వివరాలు బ్లూటూత్ దారివి, అందునా డీఈ1వి. పనుల క్రమం మాత్రం నాలుగు దారులకూ ఒకటే.

2. ప్లగ్గు, నీళ్ళు, నెట్‌వర్క్

కోడ్ లోపంలా కనబడేవాటిలో చాలా వాటి మూలం ఈ మూడింటిలోనే ఉంటుంది. తొందరపడకుండా ఇక్కడ ఒక పూట వెచ్చించండి.

*కరెంటు.* 1500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. అంటే 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు చాలదు, 16 ఆంపియర్ల పవర్ సాకెట్టు కావాలి. వంటగదిలో ఆ సాకెట్టు సాధారణంగా మిక్సీకో, గ్రైండరుకో, మైక్రోవేవ్‌కో పోయి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో సర్దుకోవద్దు. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును తెంచే రక్షణ స్విచ్) లేకపోతే పెట్టించండి. నీళ్ళూ కరెంటూ ఒకే పెట్టెలో ఉన్నచోట దానికి ప్రత్యామ్నాయం లేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఈ సాకెట్టు దాని వైరింగ్‌లో కలవకూడదు. ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టిన 900 వీఏ ఇన్వర్టర్ ఈ హీటరును మోయలేదు. కానీ రౌటరు, మీ కోడ్ నడిచే చిన్న కంప్యూటరు మాత్రం ఇన్వర్టర్ మీదే ఉండాలి. కరెంటు పోయిందన్న సంగతి కోడ్‌కు తెలియాలంటే కోడ్ బతికి ఉండాలి కదా.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ఉరుములతో వానలు పడతాయి. పిడుగులు పడే రాత్రి ఏ కోడ్‌నూ నమ్ముకోకుండా యంత్రం ప్లగ్గు చేత్తో తీసేయండి.

*నీళ్ళు.* తిరుపతి కుళాయిలకు తెలుగుగంగ, కల్యాణి డ్యాం నీళ్ళు వస్తాయి. చాలా అపార్ట్‌మెంట్లలో అవే నీళ్ళు ట్యాంకులో బోరు నీళ్ళతో కలుస్తాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందంటే అదే పొర ఎస్ప్రెస్సో బాయిలరులోనూ కడుతుంది. ఉష్ణోగ్రత సెన్సరు మీద పొర పట్టాక అది చూపే అంకె మీద ఆధారపడే మీ కోడ్ మొత్తం తప్పుతుంది.

అలాగని ఆర్‌ఓ నీళ్ళు మాత్రమే పోయడం కూడా సరికాదు. లవణాలు మరీ తక్కువైతే రుచి చప్పబడుతుంది, లోహానికి తుప్పు ముప్పు పెరుగుతుంది. నీటి విద్యుత్ వాహకత ఆధారంగా మట్టం కొలిచే యంత్రాలైతే నిండు ట్యాంకును కూడా ఖాళీ అనుకుంటాయి. లీటరుకు 150 మిల్లీగ్రాముల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మంచి లక్ష్యం. ఆర్‌ఓ నీళ్ళు 30, వడకట్టిన కుళాయి నీళ్ళు 500 ఉన్నాయనుకుందాం. మూడు పాళ్ళు ఆర్‌ఓ, ఒక పాలు కుళాయి నీళ్ళు కలిపితే సుమారు 148 వస్తుంది. టీడీఎస్ మీటరు కాఠిన్యాన్ని చూపదు. దానికి వేరే పరీక్ష చుక్కలుంటాయి, ఒకసారి చూసుకోండి. ఉప్పగా ఉండే బోరు నీళ్ళయితే కలపడం మానేయండి. అందులోని క్లోరైడ్ స్టీలు బాయిలరును కూడా తినేస్తుంది.

*నెట్‌వర్క్.* స్మార్ట్ ప్లగ్గులు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే అందుకుంటాయి. రౌటరులో యంత్రానికి స్థిరమైన ఐపీ చిరునామా కేటాయించండి. బ్లూటూత్ అయితే కంప్యూటరు అదే గదిలోనో, పక్క గదిలోనో ఉండాలి. యంత్రం మీద కప్పులు పెట్టే పళ్ళెంలో మాత్రం పెట్టవద్దు. మే నెలలో గది వేడికి ఆవిరి కూడా తోడైతే ఆ చిన్న బోర్డు తట్టుకోలేదు.

కోడ్ మొదలుపెట్టేముందు చూసుకోవలసినవి:

- 16 ఆంపియర్ల సాకెట్టు, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ
- యంత్రం ఇన్వర్టర్ లైనులో లేదు. రౌటరు, కంప్యూటరు ఉన్నాయి
- నీటి టీడీఎస్, కాఠిన్యం కొలిచారు
- కంపెనీ యాప్‌తో యంత్రం సరిగ్గా నడుస్తోంది
- యంత్రంలోనే ఉన్న ఆటో స్లీప్ గడువు పెట్టారు

ఈ చివరిది మరవకండి. మీ కోడ్ పడిపోయినా యంత్రాన్ని పడుకోబెట్టేది అదే.

3. కంప్యూటరు సిద్ధం చేయడం

రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటరు కావాలి. రాస్ప్‌బెర్రీ పై 4 గానీ, జీరో 2 డబ్ల్యూ గానీ సరిపోతుంది. ల్యాప్‌టాప్ ప్రయోగాలకు పనికొస్తుంది తప్ప రోజువారీ పనికి కాదు. మూత వేయగానే అది నిద్రపోతుంది.

1. టైమ్‌జోన్‌ను ఆసియా, కోల్‌కతాగా మార్చండి.
2. ప్రాజెక్టుకు ప్రత్యేకంగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలు విడిగా ఉండే చోటు) సృష్టించండి. రాస్ప్‌బెర్రీ పై కొత్త ఆపరేటింగ్ సిస్టముల్లో నేరుగా పిప్ వాడితే, ఈ పైథాన్ నిర్వహణ బయట జరుగుతోందంటూ నిరాకరిస్తుంది. దాన్ని దాటేసే ఆప్షన్ వెతక్కండి. వర్చువల్ ఎన్విరాన్‌మెంటే సరైన పద్ధతి.
3. బ్లూటూత్‌కు బ్లీక్, వైఫైకీ క్లౌడ్‌కూ హెచ్‌టీటీపీఎక్స్, టీపీ లింక్ ప్లగ్గులకు పైథాన్ కాసా. అవసరమైనది ఒక్కటే వేసుకోండి.
4. వేసుకున్న వెర్షన్ల సంఖ్యలు ఒక ఫైలులో రాసిపెట్టండి.
5. పాస్‌వర్డులు, టోకెన్లు కోడ్‌లో కాకుండా వేరే ఫైలులో ఉంచండి. దాన్ని మీరు తప్ప మరెవరూ చదవలేకుండా అనుమతులు మార్చండి.

4. చదవడం మాత్రమే చేసే ప్రోగ్రామ్

ఈ దశలో యంత్రానికి ఒక్క ఆదేశం కూడా పంపకూడదు. వినడమే పని. కనీసం వారం రోజులు ఈ ప్రోగ్రామే నడవనివ్వండి. యంత్రం స్వభావం, ఉదయం ఎంతసేపటికి వేడెక్కుతుంది, స్టీమ్ తర్వాత ఎంత చల్లబడుతుంది, అన్నీ ఇక్కడే తెలుస్తాయి.

ముందు కంపెనీ యాప్‌ను పూర్తిగా మూసేయండి. బ్లూటూత్ యంత్రాలు సాధారణంగా ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడతాయి. ట్యాబ్లెట్ దాన్ని పట్టుకుని ఉంటే మీ స్కానింగ్‌లో యంత్రం కనబడనే కనబడదు.

యంత్రం_వెతుకు() అనే ఫంక్షన్ బ్లీక్ స్కానరుతో చుట్టుపక్కల పరికరాలను చూసి, డీఈ1తో మొదలయ్యే పేరును ఎంచుకోవాలి. దొరకగానే స్కానింగ్ ఆపి, ఆ తర్వాతే కనెక్ట్ కావాలి. మ్యాక్ కంప్యూటర్లలో బ్లూటూత్ చిరునామా బదులు ఆ కంప్యూటరు సొంతంగా ఇచ్చిన గుర్తింపు సంఖ్య కనిపిస్తుంది. అందుకే మ్యాక్‌లో రాసుకున్న చిరునామా రాస్ప్‌బెర్రీ పైలో పనిచేయదు.

కనెక్ట్ అయ్యాక మూడు చోట్ల (బ్లూటూత్ సమాచార మార్గాల్లో) చెవి పెట్టండి: స్థితి చెప్పే ఎ00ఇ, షాట్ (ఒక విడత ఎస్ప్రెస్సో) కొలతలు పంపే ఎ00డి, నీటి మట్టం చెప్పే ఎ011. కోడ్‌లో వీటిని A00E, A00D, A011 అని రాయాలి. ఈ నాలుగక్షరాలను బ్లూటూత్ ప్రామాణిక 128 బిట్ల గుర్తింపులో ఇమిడ్చి పూర్తి రూపంలో ఇస్తే ఏ ఆపరేటింగ్ సిస్టములోనూ తేడా రాదు.

స్థితి సందేశంలో మొదటి బైటు ప్రధాన స్థితి: 0 అంటే నిద్ర, 2 అంటే సిద్ధంగా కూర్చోవడం, 4 ఎస్ప్రెస్సో, 5 స్టీమ్, 6 వేడినీళ్ళు. రెండో బైటు ఉపస్థితి. ప్రధాన స్థితి 2 అయినంత మాత్రాన కాఫీకి సిద్ధమని కాదు. ఉపస్థితి 1, 2 అయితే ఇంకా వేడెక్కుతోంది. రెండో బైటు కూడా 0 అయినప్పుడే సిద్ధం.

షాట్ కొలతల సందేశం 19 బైట్లు. సెకనుకు సుమారు నాలుగుసార్లు వస్తుంది. వరుస ఇది:

- 0, 1 బైట్లు: కాలం
- 2, 3: ఒత్తిడి, 4096తో భాగించాలి
- 4, 5: ప్రవాహం, 4096తో భాగించాలి
- 6, 7: కలిసిన నీటి ఉష్ణోగ్రత, 256తో భాగించాలి
- 8, 9, 10: గ్రూప్ హెడ్ (వేడినీళ్ళు కాఫీపొడి మీదికి దిగే భాగం) ఉష్ణోగ్రత, 65536తో భాగించాలి
- 11 నుంచి 16 వరకు: యంత్రం చేరుకోవాలనుకుంటున్న లక్ష్య విలువలు
- 17: ప్రొఫైల్‌లో (షాట్ నడవాల్సిన పద్ధతిలో) ఎన్నో అంచె
- 18: స్టీమ్ ఉష్ణోగ్రత

అన్నింటిలోనూ పెద్ద బైటు ముందు వస్తుంది. దీన్ని తిరగేసి చదవడమే అందరూ చేసే పొరపాటు. పట్టుకోవడం తేలిక. 9 బార్ల ఒత్తిడి ముడి విలువ 36864. తిరగేస్తే అది 144 అయి, భాగించాక 0.035 బార్లుగా కనిపిస్తుంది. 93 డిగ్రీల ముడి విలువ 23808, తిరగేస్తే 0.36 డిగ్రీలు. ఉష్ణోగ్రత అరడిగ్రీ కూడా చూపకపోతే సెన్సరును అనుమానించకండి, బైట్ల వరుస చూడండి.

గ్రూప్ హెడ్ ఉష్ణోగ్రత మూడు బైట్లలో ఉంటుంది. పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్‌లో మూడు బైట్ల అంకెకు అచ్చు లేదు. ఆ ముక్కను విడిగా తీసి, బైట్ల నుంచి పూర్ణాంకం చేసే ఫంక్షన్‌కు ఇవ్వండి.

కాలం విషయంలో మన దేశంలో ప్రత్యేకంగా చూసుకోవలసినది ఒకటుంది. ఆ అంకె సెకన్లు కాదు, కరెంటు అర్ధావర్తనాల లెక్క. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 100. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి 120. అక్కడివారి కోడ్ తెచ్చుకుని అలాగే నడిపితే 28 సెకన్ల షాట్ 23 సెకన్లుగా నమోదవుతుంది. పొడి మరీ గరుకుగా ఉందనుకుని గ్రైండరును అనవసరంగా బిగిస్తారు. 100తో భాగించండి.

సందేశం పొడవు 19 కాకపోతే ఆ సందేశాన్ని వదిలేసి లాగ్‌లో రాయండి. ఫర్మ్‌వేర్ మారినప్పుడు ముందుగా ఈ గుర్తే కనిపిస్తుంది.

5. ఆపే ఫంక్షన్

మొట్టమొదట రాయవలసిన ఆదేశం ఇది. పేరు ఆపు() అనుకుందాం. ఎ002కు ఒకే ఒక బైటు, విలువ 2 పంపాలి. ఏ పని మధ్యలో ఉన్నా యంత్రం దాన్ని ఆపి సిద్ధ స్థితికి వస్తుంది. నిద్రపుచ్చు() అదే చోటికి 0 పంపుతుంది.

పంపడంతో పని అయిపోయిందనుకోవద్దు. ఆదేశం వెళ్ళాక రెండు సెకన్లలోపు స్థితి సందేశంలో మార్పు రావాలి. రాకపోతే మళ్ళీ పంపాలి. మూడుసార్లయినా రాకపోతే ఫోనుకు హెచ్చరిక వెళ్ళాలి. యంత్రం ఒప్పుకున్నదే నిజం, మనం పంపింది కాదు.

తర్వాత కాపలా() రాయండి. ఇది మిగతా కోడ్‌తో సంబంధం లేకుండా సొంతంగా తిరిగే పని. కింది వాటిలో ఏది జరిగినా యంత్రాన్ని ఆపాలి లేదా పడుకోబెట్టాలి:

- షాట్ 60 సెకన్లు దాటింది
- వేడిగా ఉండి గంటైంది, ఎవరూ వాడలేదు
- షాట్ నడుస్తుండగా 2 సెకన్లపాటు కొలతలు రాలేదు
- నీటి మట్టం మీరు పెట్టిన కనీసానికి దిగింది

గడువులు లెక్కించడానికి గోడ గడియారం సమయం వాడవద్దు. ఇంటర్నెట్ నుంచి సమయం సరిదిద్దుకున్నప్పుడు అది ముందుకో వెనక్కో దూకుతుంది. పైథాన్ టైమ్ మాడ్యూల్‌లోని మోనోటోనిక్ గడియారం ఎప్పుడూ ముందుకే నడుస్తుంది. దాన్నే వాడండి.

ఈ ఫంక్షన్లను ఎలా పరీక్షించాలి? పోర్టాఫిల్టరులో (గ్రూప్ హెడ్‌కు తగిలించే, పిడి ఉన్న కాఫీపొడి గిన్నెలో) కాఫీపొడి లేకుండా, కింద పెద్ద గిన్నె పెట్టి, యంత్రం మీటతో నీళ్ళు వదలండి. కోడ్‌తో ఆపండి. ఆగిందా? ఇప్పుడు నీళ్ళు పోతుండగా ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపండి. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లను నడిపి, పడిపోతే మళ్ళీ లేపే సేవ) దాన్ని మళ్ళీ లేపాలి, లేచిన వెంటనే మీ ప్రోగ్రామ్ స్థితి చూసి యంత్రాన్ని ఆపాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గకుండా ఆరో అంచెకు వెళ్ళవద్దు.

ఇంట్లో కోడ్ రాని వాళ్ళ సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. అమ్మకో నాన్నకో యంత్రం తీరు తేడాగా కనిపిస్తే వారు చేత్తో ఆపగలగాలి. ఏ స్విచ్ నొక్కాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, సాకెట్టు పక్కన అతికించండి.

6. మేలుకొలుపు

నిద్రలో ఉన్న డీఈ1కు 2 పంపితే లేచి వేడెక్కడం మొదలుపెడుతుంది. మేలుకొలుపు() చేయవలసిన పనుల క్రమం:

1. కనెక్ట్ కావాలి, స్థితి చదవాలి. నిద్రలో లేకపోతే ఏమీ చేయకుండా వెనక్కి రావాలి.
2. నీటి మట్టం చూడాలి. చాలకపోతే లేపకుండా హెచ్చరిక పంపాలి.
3. ఆదేశం పంపాలి, స్థితి మారిందని నిర్ధారించుకోవాలి.
4. ప్రధాన స్థితి 2, ఉపస్థితి 0 అయ్యేదాకా చూడాలి.
5. గ్రూప్ హెడ్ ఉష్ణోగ్రత నిలకడగా ఉందా అని రెండు నిమిషాలు గమనించి, అప్పుడే సిద్ధమని చెప్పాలి.

బాయిలరు వేడెక్కగానే లోహమంతా వేడెక్కదు. పెద్ద ఇత్తడి గ్రూప్ ఉన్న యంత్రాలకు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మీ యంత్రానికి ఎంత కావాలో నాలుగో అంచెలో వారంపాటు సేకరించిన అంకెలే చెబుతాయి. ఖాళీ పోర్టాఫిల్టరును గ్రూప్‌కు తగిలించి ఉంచితే అది కూడా వేడెక్కుతుంది.

7. వేళలు

వేళలను కోడ్‌లో రాయకండి. ఒక చిన్న జేసన్ ఫైలులో పెట్టండి: మామూలు రోజులు 5:45, ఆదివారం 7:00, తిరుమలకు తెల్లవారుజామున బయల్దేరే రోజు 3:15, ఏకాదశి ఉపవాసమైతే అసలు వద్దు. ఇంట్లో ఎవరైనా మార్చగలిగే ఫైలు అది.

అసలు చిక్కు గడియారంతో వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4లోనూ, జీరో 2 డబ్ల్యూలోనూ బ్యాటరీతో నడిచే గడియారం లేదు. రాత్రి ఇన్వర్టర్ కూడా ఖాళీ అయ్యేంతసేపు కరెంటు, నెట్ రెండూ పోయి కరెంటు మాత్రమే తిరిగొస్తే, ఆ కంప్యూటరు ఆగిపోయినప్పటి సమయం దగ్గరే మొదలవుతుంది. మధ్యాహ్నం రెండింటికి తెల్లవారిందనుకుని యంత్రాన్ని లేపుతుంది. సమయం ఇంటర్నెట్‌తో సరిపోల్చుకున్నట్టు సిస్టం చెప్పేదాకా వేళల పని మొదలు కాకూడదు. లేదా చిన్న గడియారం మాడ్యూల్ తగిలించండి.

ఫోను వైఫైలో కనబడితే మనిషి ఇంట్లో ఉన్నట్టే అని చాలామంది రాస్తారు. నేను దాన్ని నమ్మను. ఫోన్లు నిద్రలో వైఫై వదిలేస్తాయి, చిరునామాలు మార్చుకుంటాయి. ఇంటికి తాళం వేసి వెళుతూ పాత ఫోను ఇంట్లోనే వదిలిన రోజున ఆ లెక్క పూర్తిగా తప్పుతుంది. ముందురాత్రి అనుమతి పద్ధతి మేలు: పడుకునేముందు ఎవరో ఒకరు ట్యాంకులో నీళ్ళు నింపి, పక్కనున్న బటన్ నొక్కాలి. ఆ అనుమతి మరుసటి ఉదయానికి మాత్రమే చెల్లుతుంది. నొక్కకపోతే యంత్రం లేవదు. నీళ్ళ తనిఖీ, మనిషి ఉనికి రెండూ ఒక్క చేత్తో తేలిపోతాయి.

8. షాట్ నమోదు, బరువు చూసి ఆపడం

ప్రధాన స్థితి 4 కాగానే కొలతలను ఒక జాబితాలో చేర్చుకుంటూ పోండి. షాట్ ముగిశాక ఒకేసారి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాయండి. ప్రతి కొలతకూ డిస్కు మీద రాస్తే మెమరీ కార్డు త్వరగా అరిగిపోతుంది. గింజల పేరు, వేయించిన తేదీ, గ్రైండరు అంకె, పొడి బరువు, కప్పులో దిగిన బరువు కూడా నమోదు చేయండి. ఇవి లేని ఒత్తిడి గీత ఎంత అందంగా ఉన్నా ఉపయోగం లేదు.

బ్లూటూత్ త్రాసు ఉంటే బరువు చూసి ఆపవచ్చు. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో అన్నది మొదలుపెట్టడానికి మంచి కొలత. 36 దగ్గర ఆపితే మాత్రం కప్పులో 39 ఉంటాయి. త్రాసు ఆలస్యం, ఆదేశం ఆలస్యం, గ్రూప్‌లో మిగిలిన చుక్కలు అన్నీ కలుస్తాయి.

అందుకే బరువుకు_ఆపు() చివరి ఒక సెకను కొలతల నుంచి వేగం లెక్కించాలి. సెకనుకు 2 గ్రాములు దిగుతుంటే, ఒక సెకను ఆలస్యానికి 2 గ్రాములు తగ్గించి 34 దగ్గర ఆపాలి. షాట్ అయ్యాక అసలు బరువు చూసి తేడాను దాచుకోవాలి. 34 దగ్గర ఆపితే 37.5 వచ్చిందా? ఆ యంత్రానికి తగ్గింపు 2 కాదు, 3.5. ఇటీవలి అయిదారు షాట్ల సగటు వాడితే స్థిరపడుతుంది.

కప్పు కదిలినా, చేయి తగిలినా బరువు ఒక్కసారిగా ఎగురుతుంది. పదో వంతు సెకనులో 5 గ్రాములు పెరగడం కాఫీ వల్ల సాధ్యం కాదు. అలాంటి కొలతను వదిలేయండి.

9. స్మార్ట్ ప్లగ్ దారి

ముందు ఒక పరీక్ష చేయండి. యంత్రం స్విచ్ ఆన్ చేసి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టండి. తానుగా వేడెక్కడం మొదలుపెడితే ఈ దారి పనికొస్తుంది. బటన్ మళ్ళీ నొక్కమని అడిగితే పనికిరాదు.

16 ఆంపియర్లదీ, విద్యుత్ వినియోగం కొలిచేదీ అయిన ప్లగ్గు తీసుకోండి. దాని సెట్టింగుల్లో, కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండాలని పెట్టండి. కొన్నింటిలో పాత స్థితికే తిరిగి వచ్చేలా ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అదే ప్రమాదం.

ఉష్ణోగ్రత తెలియదు కాబట్టి వాట్లు చూడండి. మొదట 1300 పైన లాగి, థర్మోస్టాట్ తెగగానే కొద్ది వాట్లకు పడిపోతుంది. ఇలా మూడు నాలుగు చక్రాలు తిరిగాక సిద్ధమనుకోవచ్చు. కాఫీ మీట, స్టీమ్ మీట ఎప్పుడూ మూసి ఉండాలి. స్టీమ్ వాల్వు తెరిచి ఉన్న సంగతి ప్లగ్గుకు తెలియదు.

10. మొదలుపెట్టే ఆదేశం

ఇప్పుడు ఎ002కు 4 పంపి ఎస్ప్రెస్సో మొదలుపెట్టే సంగతి. ముందుగా, మీ యంత్రం దాన్ని ఒప్పుకోకపోవచ్చు. గ్రూప్ హెడ్ మీద తాకే కంట్రోలరు ఉన్న డీఈ1లు దూరం నుంచి షాట్ మొదలుపెట్టనివ్వవు. ఆపడం మాత్రం ఒప్పుకుంటాయి. హోమ్ కనెక్ట్ యంత్రాలు కూడా వాటి మీదున్న రిమోట్ స్టార్ట్ అనుమతి లేకుండా కదలవు. ఆ అడ్డు లోపం కాదు. దాన్ని దాటే దారి వెతకవద్దు.

ఒప్పుకునే యంత్రమైతే షాట్_మొదలు() ఆదేశం వంటగదిలో, యంత్రానికి చేయి అందే దూరంలో ఉన్న బటన్ నుంచి మాత్రమే రావాలి. ఫోను నుంచి వద్దు, మాట విని పనిచేసే స్పీకర్ల నుంచి వద్దు. కప్పు ఉందో లేదో, పోర్టాఫిల్టరు బిగిందో లేదో, పక్కన పసివాడి చేయి ఉందో లేదో చూడగలిగేది అక్కడ నిలబడ్డ మనిషే. పంపేముందు కోడ్ చూడవలసినవి:

- ప్రధాన స్థితి 2, ఉపస్థితి 0
- నీటి మట్టం సరిపోతుంది
- త్రాసు కనెక్ట్ అయి ఉంది, కప్పు బరువు కనిపిస్తోంది
- కాపలా() నడుస్తోంది

ఏ ఒక్కటి లేకపోయినా ఆదేశం వెళ్ళకూడదు.

11. తరచుగా వచ్చే లోపాలు, సవరణలు

*యంత్రం స్కాన్‌లో కనబడదు.* ట్యాబ్లెట్‌లోనో ఫోనులోనో యాప్ ఇంకా పట్టుకుని ఉంది. దాన్ని మూసేసి, ఒక నిమిషం ఆగి చూడండి.

*పని జరుగుతోందని బ్లూజెడ్ (లైనక్స్‌లో బ్లూటూత్‌ను నడిపే భాగం) పదేపదే దోషం చూపుతోంది.* స్కానింగ్ ఆగకముందే కనెక్ట్ అవుతున్నారు, లేదా రెండు కనెక్షన్లు ఒకేసారి ప్రయత్నిస్తున్నారు. మధ్యలో తాళం పెట్టి ఒక్కటే వెళ్ళనివ్వండి.

*కొలతలు మధ్యలో ఆగి, ఆపైన గుంపుగా వస్తున్నాయి.* ఎసింక్ కోడ్ (పలు పనులను వంతులవారీగా నడిపే పైథాన్ పద్ధతి) మధ్యలో మామూలు స్లీప్ వాడారు. అది మొత్తం లూపును నిలిపేస్తుంది, కాపలా() కూడా ఆగిపోతుంది. ఎసింక్ ఐఓలోని స్లీప్‌నే వాడండి.

*ఆదేశం పంపినా ఏమీ జరగలేదు, లాగ్‌లో కొరోటీన్ (అవెయిట్‌తో నడిపించాల్సిన ఫంక్షన్) గురించి హెచ్చరిక ఉంది.* అవెయిట్ రాయడం మరిచారు. ఆపు() దగ్గర ఈ మరుపు ఉంటే ప్రమాదం. ఆ హెచ్చరికను పూర్తి దోషంగా మార్చి నడపండి.

*చేత్తో నడిపితే పనిచేస్తోంది, సిస్టమ్‌డీ కింద పనిచేయడం లేదు.* సర్వీసు ఫైలులో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లోపలి పైథాన్‌కు పూర్తి దారి ఇవ్వలేదు, లేదా బ్లూటూత్ సేవ లేవకముందే మీది లేస్తోంది.

*రోజూ అయిదున్నర గంటలు తేడాగా లేస్తోంది.* వేళలను యూటీసీలో లెక్కిస్తున్నారు. జోన్‌ఇన్ఫోతో కోల్‌కతా సమయం ఇవ్వండి.

*ఊళ్ళో లేనప్పుడు చూడటానికి రౌటరులో పోర్టు తెరవాలా?* వద్దు. వైర్‌గార్డ్ లాంటి ప్రైవేటు దారి పెట్టుకోండి. అందులో కూడా స్థితి చూడటం, పడుకోబెట్టడం మాత్రమే ఉంచండి.

*షాట్ సమయం ఒకేలా ఉన్నా ఒత్తిడి వారం వారం పెరుగుతోంది.* ఇది కోడ్ లోపం కాదు. షవర్ స్క్రీన్ (గ్రూప్ హెడ్ అడుగున నీళ్ళు దిగే జల్లెడ) విప్పి శుభ్రం చేయండి, ట్యాంకు నీళ్ళ కాఠిన్యం మళ్ళీ కొలవండి. పొర తొలగించే పొడిని యంత్రం తయారీదారు చెప్పిన తీరులోనే వాడండి. ఆ పని జరిగినంతసేపూ సిస్టమ్‌డీ సర్వీసును ఆపి ఉంచండి. మధ్యలో మీ కాపలా() యంత్రాన్ని పడుకోబెడితే ఆమ్లం బాయిలరులోనే నిలిచిపోతుంది.